హాల్‌టికెట్టూ అందులోనే, రీలూ అందులోనే

(జాతీయ గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా మా పట్టణ శాఖా గ్రంథాలయంలో విద్యార్థులు, తల్లిదండ్రుల ఎదుట ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాసి పెడుతున్నాం. తడబాట్లు తప్ప ఏమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు రండి. పత్రికల గది తలుపు కూడా తెరిచారు, అక్కడ కూర్చున్నా వినబడుతుంది. ఆ మూల బల్ల దగ్గర పోటీ పరీక్షలకు చదువుకుంటున్నవాళ్లను ముందే క్షమించమని అడుగుతున్నాను. మీరూ వినవచ్చు, పరీక్షలో రాదు గానీ.

నాకు ఇచ్చిన అంశం విద్యార్థుల నిత్య జీవితం మీద సామాజిక మాధ్యమాల ప్రభావం. దీని మీద ప్రతి బడిలోనూ వ్యాసరచన పోటీ పెడతారు. మీలో చాలామంది రాసే ఉంటారు. మొదటి పేజీలో లాభాలు, రెండో పేజీలో నష్టాలు, చివర ‘అతి సర్వత్ర వర్జయేత్’. బహుమతి ఖాయం. బహుమతి తీసుకుంటున్న ఫోటో ఆ సాయంత్రమే స్టేటస్‌లో. నవ్వకండి, నిజమే కదా? ఆ వ్యాసం నేను ఇక్కడ మళ్లీ చదవను.

నేను అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. మాకు ఒక అలవాటు ఉంది. ఏ ఏర్పాటు చూసినా మూడు ప్రశ్నలు అడుగుతాం. దీన్ని ఎవరు పెట్టారు? ఎవరికి గిట్టుబాటు అవుతోంది? ఎవరికి తప్పదు? ఈ మూడో ప్రశ్న మనవాళ్లు అడగరు. ‘ఆ ఫోను పక్కన పడెయ్యి’ అంటాం. పడేస్తే ఆ పిల్లకు రేపు కాలేజీ గడుస్తుందా అని ఆలోచించం. గడవదండీ. గడవకుండా చేసింది మేమే, మా కాలేజీలే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఒక తరగతి గ్రూపు తెరిచి చూద్దాం. నా తరగతిది అనుకోండి, మీ తరగతిది అనుకోండి, అన్నీ ఒకటే. తెల్లవారగానే తరగతి ప్రతినిధి, మీరు సి.ఆర్. అంటారు, ఒక సందేశం పెడతాడు: మొదటి గంట లేదు, సార్ సెలవు. అది చూడని పిల్ల పల్లె నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చి వరండాలో కూర్చుంటుంది. తొమ్మిదింటికి స్కాలర్‌షిప్ కాగితం ఫోటో వస్తుంది. ఆధార్, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఫలానా తేదీలోగా ఇవ్వాలి. ఫోటో వంకరగా తీశారు, సరిగ్గా తేదీ దగ్గర బొటనవేలు అడ్డం. ‘తేదీ ఎంత సార్’ అని ఒకరు అడుగుతారు. జవాబు రాదు. ఈలోగా పూల బొమ్మలతో శుభోదయాలు, ఎవరిదో పుట్టినరోజు, వరసగా కేకులు. ఆ కేకుల కింద తేదీ ప్రశ్న ఎక్కడికో పోతుంది. మధ్యాహ్నం మూడో యూనిట్ పీడీఎఫ్, అరవై పేజీలు. దానికింద ‘థాంక్యూ సార్’, ‘థాంక్యూ మేడమ్’. ఎవరు పెట్టారో కూడా చూడలేదన్నమాట. పీడీఎఫ్ ఫోనులోకి దిగిందంటే చదివేసినంత తృప్తి. మా రోజుల్లో జిరాక్స్ తీయిస్తే ఇదే తృప్తి ఉండేది, అది వేరే సంగతి. ఇక రాత్రి పదిన్నరకు ఒక అధ్యాపకుడు రాస్తాడు: రేపు రికార్డులు తప్పక తీసుకురావాలి. రాత్రి పదిన్నరకు!

ఇప్పుడు చెప్పండి. ఆ ఒక్క సందేశం కోసం పదిన్నరకు ఫోను తీసిన పిల్లవాడు ఎన్నింటికి పక్కన పెడతాడు? రికార్డు సంగతి చూడడానికి అరనిమిషం చాలు. కానీ పైన ఇంకో చుక్క వెలుగుతోంది, ఎవరో స్టేటస్ పెట్టారు. స్టేటస్‌లో ఒక రీల్ లంకె ఉంది. దాన్ని నొక్కాడు. తరువాత ఏమైందో మీకు నేను చెప్పాలా?

ప్రభుత్వాలు కూడా అక్కడికే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో సేవలు మొదలుపెట్టారు. కొద్ది రోజులకే ఇంటర్ హాల్‌టికెట్లు అందులో ఇచ్చారు, తరువాత ఫలితాలూ ఇచ్చారు. దీన్ని నేను తప్పు పట్టను. ఫీజు బాకీ ఉందని హాల్‌టికెట్టు ఆపితే, కాలేజీ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రులను మనం చూడలేదా? నేరుగా చేతికి వస్తే ఆ పెత్తనం కొంత తగ్గింది. మంచిదే. కానీ హాల్‌టికెట్టూ ఆ ఫోనులోనే, రీలూ ఆ ఫోనులోనే. సంతలో బడి పెట్టి, పిల్లవాడు మిఠాయి కొట్టు వైపు చూస్తున్నాడని బెత్తం తీసినట్టుంది మన వ్యవహారం.

అసలు ఇక్కడిదాకా ఎలా వచ్చాం? 2004లో ఆర్కుట్ వచ్చింది, ఇప్పటి ఫేస్‌బుక్ లాంటిదే. తల నెరిసిన ఒకరిద్దరు నవ్వుతున్నారు, వాళ్లకు ఖాతాలు ఉండి ఉంటాయి. దానికోసం నెట్ సెంటరుకు వెళ్లాలి. పుస్తకంలో పేరు, సమయం రాయాలి. ప్లైవుడ్ అరలో కూర్చోవాలి. గంట కాగానే కౌంటరు దగ్గరి అబ్బాయి వచ్చి చెక్క మీద తడతాడు. జేబులో ఇంకో గంటకు డబ్బులు లేకపోతే లేచి ఇంటికి పోవాల్సిందే. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతబడింది. అప్పటికి నెట్ సెంటర్లు చాలావరకు జిరాక్స్ దుకాణాలయ్యాయి. చెక్క మీద తట్టే అబ్బాయి ఉద్యోగమూ పోయింది.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. మొదటి నెలల్లో డేటా ఉచితం. నెలకు ఒక జీబీని పొదుపుగా వాడుకున్న ఇళ్లలో రోజుకొక జీబీ మామూలైంది. ఆ తరువాత 2020. మార్చిలో బడులు మూసేశారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, ప్రభుత్వ విద్యా ఛానల్ టీ-శాట్‌లో పాఠాలు చెప్పించారు. పాఠం టీవీలో, హోంవర్కు వాట్సాప్‌లో. అప్పటిదాకా ‘ఇంటర్ అయ్యేదాకా ఫోను మాట ఎత్తకు’ అన్న తండ్రులు వడ్డీకి తెచ్చి ఫోన్లు కొన్నారు. ఎవరు కొనమన్నారు? మేమే. ఆ సంవత్సరమే జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను కేంద్రం నిషేధించింది. పది రోజులు తిరగకముందే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది. ఒక కొట్టు మూస్తే పక్క కొట్టు తెరుచుకుంది. బడులు మళ్లీ తెరిచారు. గ్రూపులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎందుకంటే అవి మాకు సుఖం. నోటీసు టైపు చేయించి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి, అటెండరుతో గదిగదికీ తిప్పే పని తప్పింది. మా సుఖం కోసం మీ రాత్రులు తీసుకున్నాం.

ఇక గిట్టుబాటు సంగతి. మెటా కంపెనీ, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని, 2024లో 16,400 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం చూపింది. కోట్ల డాలర్లు, రూపాయలు కాదు. అందులో నూటికి తొంభై ఏడు పాళ్లకు పైగా ప్రకటనల మీద వచ్చిందే. మీరు ఒక్క రూపాయి కట్టలేదు. మరి ఆ డబ్బు దేనికి వచ్చింది? మీరు చూసినందుకు. ఇంకో నిమిషం చూస్తే ఇంకో ప్రకటన. కాబట్టి అక్కడ పనిచేసే ఇంజనీరు ఉద్యోగం ఏమిటంటే మీరు ఫోను మూసే కారణం ఏదీ మిగలకుండా చూడడం. పేజీ అడుగు కనబడితే మనిషి ఆగుతాడు. అందుకని అడుగు లేకుండా చేశారు. ఎంత తోసినా కిందనుంచి కొత్తది వస్తూనే ఉండే ఆ పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే ఆయన రూపొందించాడు. తరువాత ఆయనే అందుకు విచారం వెలిబుచ్చాడు. ఆయన విచారం ఆయనది, పద్ధతి మాత్రం పోలేదు.

కంపెనీలకు ఇదంతా తెలియదా అంటారేమో. తెలుసు. 2021లో ఫ్రాన్సెస్ హాగెన్ అనే ఉద్యోగిని ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టింది. తమ ఒంటి తీరు గురించి బాధపడే టీనేజ్ అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను ఇంకా పెంచిందని చెప్పినట్టు కంపెనీ సొంత పరిశోధనే రాసుకుంది. మిగతా విషయాల్లో మేలు జరిగిందన్నవాళ్లూ అదే పరిశోధనలో ఉన్నారని కంపెనీ వాదించింది. ఉంటే ఉండవచ్చు. కానీ రాసి పెట్టుకున్న కాగితం సొరుగులో ఎందుకు ఉండిపోయింది?

చిన్నచిన్న ఏర్పాట్లు చూడండి, మనిషిని ఎలా పట్టుకుంటాయో. 2014 నవంబరులో వాట్సాప్ నీలం టిక్కులు తెచ్చింది. అంతకుముందు సందేశం చేరిందని మాత్రమే తెలిసేది. అప్పటినుంచి చదివారని కూడా తెలుస్తోంది. చదివి జవాబు ఇవ్వకపోతే పొగరు. చదవకపోతే నిర్లక్ష్యం. రెండు చిన్న గీతల రంగు మారితే స్నేహాలు మారిపోయాయి. దాన్ని ఆపుకునే వీలు ఆ తరువాత కొద్ది రోజులకే ఇచ్చారు. ఆపుకుంటే ‘ఏదో దాస్తోంది’ అనే మాట. ఎటు పోయినా నింద తప్పదు.

ఇంకోటి, స్నాప్‌చాట్ స్ట్రీక్. పెద్దవాళ్లకు తెలియకపోవచ్చు, చెబుతాను. ఇద్దరు స్నేహితులు రోజూ ఒకరికొకరు ఒక ఫోటో పంపుకోవాలి. పంపుకున్నన్ని రోజులూ పేరు పక్కన ఒక అంకె పెరుగుతూ పోతుంది. ఒక్క రోజు తప్పితే సున్నా. గడువు ముంచుకొస్తుంటే ఇసుక గడియారం గుర్తు కనబడుతుంది. ఏ ఫోటో? ఏదైనా సరే, గోడ, ఫ్యాను, దుప్పటి అంచు. మాట లేదు, కబురు లేదు, గోడ ఫోటో. సరే, ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చేరిన పిల్ల ఏం చేస్తుంది? అక్కడ ఫోను ఉండదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వచ్చినప్పుడే. అందుకని హాస్టలుకు వెళ్లేముందు తన పాస్‌వర్డు ఊళ్లో ఉన్న స్నేహితురాలికి ఇచ్చి వెళుతుంది. ‘నా తరఫున రోజూ గోడ ఫోటోలు పంపు, అంకె పోనివ్వకు’ అని. ఇందులో ముగ్గురు నలుగురు తల ఊపుతున్నారు, నాకు కనబడుతోంది. స్నేహాన్ని నిలబెట్టుకోవాలన్న తాపత్రయాన్ని నేను వెక్కిరించడం లేదు. ఏడాదంతా నాలుగు గోడల మధ్య ఉండే పిల్లకు బయట తన స్థానం ఉందన్న ధీమా కావాలి. అయితే పాస్‌వర్డు చేతులు మారింది. ఆ స్నేహం చెడిన రోజున ఏమవుతుంది? నా మాట గుర్తు పెట్టుకోండి, కాసేపటికి దీని దగ్గరికే వస్తాను.

చదువు మీద ప్రభావం గురించి పెద్దగా చెప్పను, మీకు అనుభవమే. ఒక్క ప్రయోగం మాత్రం చెబుతాను. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు కొందరికి బుద్ధికి పదునుపెట్టే పరీక్షలు ఇచ్చారు. కొందరి ఫోను బల్ల మీద బోర్లించి ఉంది, కొందరిది జేబులోనో సంచిలోనో, కొందరిది పక్క గదిలో. మోత లేదు, వెలుగు లేదు. పక్క గదిలో పెట్టినవాళ్లు మేలుగా చేశారు. తరువాత వేరేవాళ్లు చేసిన కొన్ని పరీక్షల్లో అంత తేడా రాలేదు, ఆ మాటా చెప్పాలి. మీరే చేసి చూసుకోండి. పక్క గదిలో పెట్టడానికి పక్క గది ఉండాలి కదా సార్ అంటారేమో. అందుకే గ్రంథాలయం ఉంది. ఇది సభకు పిలిచినవాళ్ల తరఫున ప్రకటన, దీనికి డాలర్లు రావు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంట్లో ఫోను ఎవరిది?

అసర్ అని దేశంలో గ్రామీణ పిల్లల చదువు మీద జరిగే సర్వే. 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఫోను సంగతి అడిగారు. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉంది. 82 శాతం పిల్లలకు వాడడం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించి వాడినవాళ్లు 57 శాతం, సామాజిక మాధ్యమాలకు వాడినవాళ్లు 76 శాతం. పత్రికలు ఈ రెండు అంకెలనే పట్టుకున్నాయి. నాకు మాత్రం ఇంకో అంకె నిద్ర పట్టనివ్వలేదు. వాడడం వచ్చిన మగపిల్లల్లో సొంత ఫోను ఉన్నవాళ్లు 36.2 శాతం. ఆడపిల్లల్లో 26.9 శాతం.

అంటే ఏమిటి? తరగతి గ్రూపులో ఆ అమ్మాయి బదులు వాళ్ల అన్నయ్య ఉంటాడు. రికార్డు తేవాలన్న సందేశం అన్నయ్య చూస్తాడు. చెప్పడం మరిచిపోతాడు, లేదా ఆ రోజు అన్నయ్య ఫోను పట్టుకుని పొలానికో పనికో పోతాడు. మర్నాడు మేం ఆ అమ్మాయిని తరగతిలో నిలబెడతాం: ‘గ్రూపులో పెట్టాం కదా, చూడలేదా?’ చూడలేదు సార్ అంటుంది. ఎందుకు చూడలేదో చెప్పదు. ఇంట్లో సంగతి అరవై మంది ముందు ఎవరు చెప్పుకుంటారు? ఫోను ఎక్కువైందని ఒక పిల్లవాడిని తిడుతున్న ఊళ్లోనే, ఫోను లేక వెనకబడుతున్న పిల్ల ఉంది. సామాజిక మాధ్యమాల ప్రభావం అంటే ఆమె మీద కూడా ఉంది, ఆమె వాటిలో లేకపోయినా.

సొంత ఫోను ఉన్న అమ్మాయి సంగతి ఏమిటి? ఆమెకు ఇంకో చిక్కు. డీపీలో తన మొహం పెట్టాలా వద్దా అనే దగ్గర మొదలవుతుంది. చాలామంది పువ్వు పెడతారు, దేవుడి బొమ్మ పెడతారు, చిన్నప్పటి ఫోటో పెడతారు. ఎందుకో వాళ్లకు తెలుసు. ఒకరి మొహాన్ని ఇంకో శరీరానికి అతికించడం ఇప్పుడు నిమిషాల పని. అలా చేసినవాడు డబ్బు అడుగుతాడు, లేదా ఇంకో ఫోటో పంపమంటాడు. బెదిరింపు ఒక్కటే మాట: ‘మీ నాన్నకు పంపుతాను.’

ఆగి ఆలోచించండి. ఆ బెదిరింపుకు బలం ఎక్కడిది? ఫోటో నుంచి వచ్చిందా? అది దొంగ ఫోటో, ఇద్దరికీ తెలుసు. బలం వచ్చింది నాన్న నుంచి. నాన్నకు తెలిస్తే ఏమవుతుంది? మొదట ఫోను లాక్కుంటారు. తరువాత ‘నువ్వేం చేశావు’ అని అడుగుతారు. ఆ పై వారం కాలేజీ వద్దంటారు. కొన్ని ఇళ్లలో సంబంధాలు చూడడం మొదలుపెడతారు. ఇదంతా ఆ బెదిరించేవాడికి తెలుసు. మన ఇంటి కట్టుబాటు వాడి చేతిలో ఆయుధం. అందుకే ఆ పిల్ల చెప్పదు, వాడు అడిగింది ఇస్తుంది, వాడు మళ్లీ అడుగుతాడు. ఇక్కడున్న నాన్నలూ, అన్నలూ వినండి. ‘ఏదైనా జరిగితే నాకు చెప్పు’ అంటే సరిపోదు. ‘చెబితే నీ ఫోను తీసుకోను, నీ కాలేజీ ఆపను’ అని ఈ రాత్రి ఇంటికి వెళ్లి నోటితో చెప్పండి. ఆ మాట ముందే చెప్పి ఉంటే వాడి బెదిరింపులో సగం గాలి పోతుంది.

అమ్మాయిలకు, అబ్బాయిలకూ కూడా, ఎందుకంటే అబ్బాయిలను వీడియో కాల్‌తో ఇలాగే ఇరికిస్తున్నారు, కొన్ని పనికొచ్చే సంగతులు. భయంతో సందేశాలు చెరిపేయకండి, అవే సాక్ష్యం. ఖాతా పేరు, దాని లంకె, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆ తరువాత ఆ ఖాతాను అడ్డుకోండి. కేంద్ర హోం శాఖ సైబర్ నేరాల పోర్టల్ ఉంది. ఇలాంటి ఫోటోలు, వీడియోల విషయంలో పేరు చెప్పకుండా కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోను చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు. మహిళల రక్షణకు తెలంగాణలో 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉంది. కంపెనీలకు నేరుగా ఫిర్యాదు చేస్తే, నగ్నంగా చూపే ఫోటోలైనా, మార్ఫింగ్ చేసిన ఫోటోలైనా 24 గంటల్లో తీసివేయాలని 2021లో వచ్చిన ఐటీ నియమాలు గడువు పెట్టాయి, 2026లో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. 18 ఏళ్లలోపు వాళ్లకు ‘టేక్ ఇట్ డౌన్’, పెద్దవాళ్లకు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవలు ఉన్నాయి. వాటికి మీ ఫోటో పంపనక్కర్లేదు. ఫోటో మీ ఫోనులోనే ఉంటుంది, దాని నుంచి తయారైన ఒక గుర్తు సంఖ్య మాత్రమే వెళుతుంది. ఆ సంఖ్యతో సరిపోలే ఫోటోను అందులో చేరిన కంపెనీలు గుర్తుపట్టి ఆపుతాయి. మనసు కుంగిపోతే ప్రభుత్వ సహాయ ఫోను టెలీ-మానస్, 14416. తెలుగులో మాట్లాడతారు. ఆ పాస్‌వర్డు సంగతి ఇందాక చెప్పాను కదా? సంక్రాంతికి ఇంటికి వెళ్లగానే మార్చుకోండి. స్నేహితురాలు మంచిదే, కానీ ఆమె ఫోను ఎంతమంది చేతుల్లో తిరుగుతుందో ఎవరికి తెలుసు?

అబద్ధపు వార్తల గురించి ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను, ఇది విద్యార్థులకు బాగా తగిలినది. 2024 జూన్ 18న యూజీసీ నెట్, అంటే కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష, జరిగింది. తొమ్మిది లక్షల మందికి పైగా రాశారు. మర్నాడే ప్రభుత్వం పరీక్ష రద్దు చేసింది. ప్రశ్నపత్రం ముందే బయటికి వచ్చిందని టెలిగ్రామ్‌లో ఒక స్క్రీన్‌షాట్ తిరిగింది. తరువాత సీబీఐ విచారిస్తే ఆ స్క్రీన్‌షాట్‌ను మార్చి తయారు చేశారని తేలింది. దాన్ని తయారు చేసింది ఒక బడి పిల్లవాడట. ఒక కుర్రవాడి చేతిపని, తొమ్మిది లక్షల మంది మళ్లీ చదవాల్సి వచ్చింది. ఆ సంవత్సరం వైద్య ప్రవేశ పరీక్ష నీట్ పేపరు లీకు గొడవ అప్పటికే నడుస్తోంది కాబట్టి ఎవరూ దేన్నీ నమ్మే స్థితిలో లేరు. టెలిగ్రామ్‌లో ‘పేపర్ ఉంది, రెండు వేలు పంపు’ అనే ఛానళ్లు పరీక్షల కాలంలో ఇప్పటికీ పుట్టుకొస్తాయి. డబ్బు పంపితే ఛానల్ మాయం. పంపినవాడు ఫిర్యాదు చేయలేడు, ఏమని చేస్తాడు, దొంగ పేపరు కొనబోయానని చేస్తాడా?

ఆ మూల బల్ల దగ్గరివాళ్లు తలెత్తి చూస్తున్నారు. మీకు టెలిగ్రామ్ ఎంత ఉపయోగమో నాకు తెలుసు. గ్రూప్-2 నోటిఫికేషనైనా, కరెంట్ అఫైర్సైనా, హైదరాబాదు వెళ్లి కోచింగు ఫీజు కట్టలేనివాళ్లకు యూట్యూబులో తెలుగు పాఠమైనా, అదంతా నిజమైన మేలు. ఆ మేలును కాదనేవాడు ఊళ్లో పిల్లల చదువు దగ్గరగా చూసినవాడు కాదు. అందుకే మొత్తం బందు పెట్టాలనే మాట నాకు రుచించదు.

బందు అంటే ఆస్ట్రేలియా గుర్తొస్తుంది. అక్కడ 2024 నవంబరులో చట్టం చేశారు. 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్ లాంటి వాటిలో ఖాతాలు ఉండకూడదు. ఆ చట్టంలో నాకు నచ్చింది ఒకటి ఉంది. పిల్లలకూ శిక్ష లేదు, తల్లిదండ్రులకూ లేదు. జరిమానా కంపెనీకి, దాదాపు అయిదు కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. బరువు ఎవరి మీద పెట్టాలో వాళ్ల మీద పెట్టారు. మన దగ్గర 2023 డేటా రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది, పిల్లలను వెంటాడి ప్రకటనలు చూపకూడదంది. బాగుంది. కానీ మన ఇళ్లలో నాన్న ఫోనుకు ఖాతా తెరిచిపెట్టేది ఎవరు? పాస్‌వర్డు పెట్టేది ఎవరు? అమ్మకు వచ్చిన ఓటీపీ చదివి చెప్పేది ఎవరు? పిల్లలే. ఇక ఎవరు ఎవరికి అనుమతి ఇస్తారండీ? ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు టీన్ ఖాతాలని పెట్టారు, రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నోటిఫికేషన్లు రావు. పుట్టిన సంవత్సరం దగ్గర 2001 అని వేసుకున్నవాడికి ఆ రక్షణ వర్తించదు. ఇక్కడ 2001లో పుట్టినవాళ్లు ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి. ఫోనులో పుట్టినవాళ్లు కాదు, నిజంగా పుట్టినవాళ్లు.

చట్టాలు వస్తాయి, పోతాయి. మా చేతిలో ఉన్నది నేను అడుగుతున్నాను. ఈ సభలో మా ప్రిన్సిపాల్ గారూ ఉన్నారు, నాతోపాటు పాఠాలు చెప్పేవాళ్లూ ఉన్నారు, అందుకే ఇక్కడే అడుగుతున్నాను. గ్రూపులో పెట్టిన ప్రతి సమాచారం నోటీసు బోర్డు మీద కూడా ఉండాలి. చేత్తో రాసినా పరవాలేదు. అప్పుడు ఫోను లేని పిల్ల కూడా మాకు విద్యార్థినే అవుతుంది. బోర్డు మీద పడని సంగతి తెలియలేదని ఎవరినీ నిలబెట్టకూడదు. గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసే వీలు 2018 నుంచే ఉంది, దాన్ని వాడితే కేకుల కింద తేదీలు పోవు. కబుర్లకు పిల్లలు వేరే గ్రూపు పెట్టుకుంటారు, అందులో మనం ఉండనక్కర్లేదు, ఉండకూడదు కూడా. సాయంత్రం ఏడు దాటాక చదువు సందేశాలు వద్దు. పదిన్నరకు గుర్తొస్తే కాగితం మీద రాసుకుని పొద్దున పెట్టండి. మనకు మరుపు వచ్చినందుకు వాళ్లు మేలుకోవడం ఏమి న్యాయం?

విద్యార్థులకు నేను ఒక్కటే అడుగుతాను, అదీ చిన్నది. గోడ ఫోటో పంపే స్నేహితురాలికి ఒక ఆదివారం ఫోను చేసి పది నిమిషాలు మాట్లాడండి. అంకె సున్నా అయితే ఏమైందో తరువాత వచ్చి నాకు చెప్పండి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

గ్రంథాలయాధికారి గారు ఎనిమిదింటికి తాళం వెయ్యాలట, గడియారం చూస్తున్నారు. ప్రశ్నలు చీటీల మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు, చదివిన వెంటనే చింపేస్తాను. ఇందాక చెప్పిన నంబర్లన్నీ ఈ నల్లబల్ల మీద రాశాను. ఫోటో తీసుకోవచ్చు. కానీ వేలు అడ్డం పెట్టకండి.